పిల్లల చేతిలో తుపాకి: వయసు ఒక్కటే చూస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో పిల్లలు తుపాకి పట్టడానికి ఎన్నేళ్లు నిండాలన్న చర్చ గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అయోవా రాష్ట్రంలో ఇద్దరు పిల్లల్ని పెంచుతున్న తల్లిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. వయోపరిమితి పెంచితే సమస్య చాలావరకు తీరిపోతుందన్న అభిప్రాయం ఆ వ్యాసం చదివినవారికి కలుగుతుంది. వయోపరిమితి ఉండి తీరాలని నేనూ గట్టిగా కోరుకుంటున్నాను. అయితే పిల్లవాడికి ఎన్నేళ్లు అని అడగడంతో ఆగకుండా, ఆ తుపాకి ఎలాంటిది, అది ఉన్న బీరువా తాళం ఎవరి దగ్గర ఉంది అని కూడా చట్టం అడగకపోతే ఆ పరిమితి కాగితం మీదే మిగిలిపోతుంది.

1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం ఇక్కడ లైసెన్సు ఉన్న వ్యాపారి 21 ఏళ్లు నిండనివారికి పిస్టల్, 18 ఏళ్లు నిండనివారికి రైఫిల్ గాని షాట్‌గన్ గాని అమ్మకూడదు. 18 ఏళ్లలోపువారు పిస్టల్ దగ్గర ఉంచుకోకూడదని 1994లో మరో చట్టం తెచ్చారు గాని, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉంటే వేటకు, గురి సాధనకు, పొలం పనులకు అందులో మినహాయింపులు ఇచ్చారు. రైఫిళ్లు, షాట్‌గన్‌లు దగ్గర ఉంచుకోవడానికైతే సమాఖ్య చట్టంలో, అంటే దేశమంతటికీ వర్తించే చట్టంలో, కనీస వయసే లేదు. మిగిలినదంతా రాష్ట్రాలకే వదిలేశారు. మా అయోవాలో 2017 వరకు 14 ఏళ్లలోపు పిల్లలు కన్నవారు పక్కన ఉన్నా సరే పిస్టల్ ముట్టకూడదు. ఆ ఏడాది చట్టాన్ని సవరించి, 21 ఏళ్లు నిండిన తల్లి గాని తండ్రి గాని, వారు ఒప్పుకున్న శిక్షకుడు గాని కంటికి కనిపిస్తూ, మాట వినిపించే దూరంలో ఉంటే ఎంత చిన్న పిల్లలైనా పట్టుకోవచ్చన్నారు.

ఈ సవరణను సమర్థించినవారిని మూర్ఖులని కొట్టిపారేయడం అన్యాయం. తమ బిడ్డకు ఎప్పుడు ఏది నేర్పాలో శాసనసభ కంటే తమకే బాగా తెలుసని వారి వాదన. జింకల వేట తరతరాలుగా సాగే ఊళ్లు ఇవి. గొట్టం ఎప్పుడూ నేలవైపే ఉండాలని, కాల్చే క్షణం వరకు ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదని పదేళ్ల పిల్లకు ఓపికగా నేర్పే తండ్రులు మా వీధిలోనే ఉన్నారు, వారి జాగ్రత్త మీద నాకు గౌరవం ఉంది.

కానీ పెద్దవారు పక్కన ఉండటమే రక్షణ అన్న మాటను జరిగిన సంఘటనలే కాదంటున్నాయి. 2008 అక్టోబరులో మసాచుసెట్స్‌లోని వెస్ట్‌ఫీల్డ్‌లో, తుపాకుల ప్రదర్శనకు తండ్రి వెంట వెళ్లిన ఎనిమిదేళ్ల బాలుడు మైక్రో ఊజీ అనే ఆటోమేటిక్ తుపాకి పేల్చాడు. నిమిషానికి 1,200కు పైగా తూటాలు కక్కే ఆ తుపాకి అదురుకు గొట్టం పైకి లేచి, తూటా తలకు తగిలి ఆ బిడ్డ చనిపోయాడు. తండ్రి అక్కడే ఉన్నాడు. పిల్లవాడి చేతికి తుపాకి ఇచ్చి దగ్గరుండి చూసుకోవలసిన వ్యక్తికి అప్పుడు 15 ఏళ్లు. 2014 ఆగస్టులో అరిజోనాలోని ఒక షూటింగ్ రేంజిలో తొమ్మిదేళ్ల బాలిక ఊజీ పేలుస్తుండగా అదీ అలాగే పైకి లేచింది, పక్కనే నిలబడి నేర్పుతున్న శిక్షకుడు మరణించాడు. ఎనిమిదేళ్లు నిండినవారిని అనుమతించడం ఆ రేంజి నియమం కాబట్టి ఆమె వయసు విషయంలో ఏ ఉల్లంఘనా లేదు. ఆ పసిమనసు జీవితాంతం మోయవలసిన బరువు తలుచుకుంటేనే నాకు గుండె తరుక్కుపోతుంది. ఆ మణికట్లు ఆ అదురును ఆపలేవని ముందే గ్రహించవలసింది పెద్దలు. ఆటోమేటిక్ తుపాకులను పిల్లల చేతికి ఏ పర్యవేక్షణలోనూ ఇవ్వకూడదని చట్టం సూటిగా చెప్పాలి, ఇందులో కన్నవారి ఇష్టానికి చోటు ఉండకూడదు.

ఇక ఇంట్లో ఉన్న తుపాకి సంగతి. 2023 జనవరిలో వర్జీనియా రాష్ట్రంలోని న్యూపోర్ట్ న్యూస్‌లో ఆరేళ్ల పిల్లవాడు తల్లి పిస్టల్‌ను బడికి తెచ్చి తరగతి గదిలోనే ఉపాధ్యాయురాలిని కాల్చాడు. వాడి చేతికి దాన్ని ఏ చట్టమూ ఇవ్వలేదు, ఇంట్లో అందింది కాబట్టి తీసుకున్నాడు. తూటాలు నింపిన తుపాకిని 14 ఏళ్లలోపు పిల్లలకు అందేలా తాళం లేకుండా వదిలేస్తే, వారు దాన్ని తీసుకుని నలుగురిలో చట్టవిరుద్ధంగా చూపినా, ఎవరినైనా గాయపరిచినా, చంపినా అయోవాలో అది నేరమే గాని, పదిహేనేళ్ల కుర్రవాడు ఆ లెక్కలోకి రాడు. 2021 నవంబరులో మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ ఉన్నత పాఠశాలలో నలుగురు విద్యార్థులను బలిగొన్నవాడి వయసు సరిగ్గా 15. ఆ పిస్టల్ తండ్రి నాలుగు రోజుల ముందు కొన్నదే. ఆ తల్లిదండ్రులిద్దరికీ 2024లో పదేళ్ల నుంచి పదిహేనేళ్ల వరకు జైలు శిక్ష పడింది, తుపాకులకు తాళం వేయాలన్న చట్టం కూడా ఆ ఏడాదే మిషిగన్‌లో అమలులోకి వచ్చింది. అన్ని రాష్ట్రాల్లోనూ రావలసింది ఇలాంటి చట్టమే, అదీ 18 ఏళ్లలోపు పిల్లలందరినీ లెక్కలోకి తీసుకుంటూ. 2020లో అమెరికాలో ఒకటి నుంచి 19 ఏళ్ల వయసువారి మరణాలకు కారణాల్లో తుపాకులు రోడ్డు ప్రమాదాలను దాటి మొదటి స్థానానికి వచ్చాయి.

మన భారతదేశంలో ఆయుధాల చట్టం 21 ఏళ్లు నిండనివారికి తుపాకి లైసెన్సు ఇవ్వనివ్వదు. అయినా 2016 నాటి నిబంధనలు 12 ఏళ్లు నిండిన క్రీడాకారులు పెద్దల పర్యవేక్షణలో సాధన చేయడానికి దారి ఉంచాయి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ల వయసులోనే పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో సీనియర్ జాతీయ చాంపియన్ అయింది. క్రీడకు ఒక వయసు, సొంతానికి మరో వయసు అని విడదీసిన ఈ పద్ధతిలో వివేకం ఉంది.

ఈ విషయం తెలుగు పత్రికకే రాయడానికి కారణం ఉంది. ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే మా వంటివారి పిల్లలను చూసుకోవడానికి ప్రతి ఏటా ఆంధ్ర, తెలంగాణల నుంచి ఎందరో అమ్మమ్మలు, తాతయ్యలు వచ్చి నెలల తరబడి ఉంటారు. సాయంత్రం పిల్లలను పక్కింటికి ఆటకు పంపేది వారే. కిందటేడాది మా అమ్మాయిని పుట్టినరోజుకు పిలిచిన స్నేహితురాలి తల్లికి ఫోన్ చేసి, మీ ఇంట్లో తుపాకులు ఉన్నాయా, ఉంటే తాళం వేసి ఉంటాయా అని అడిగాను. ఆమె నొచ్చుకోలేదు. మేము వెళ్లినప్పుడు బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లి గోడకు బిగించిన ఇనుప బీరువా చూపించింది. తూటాలు వేరే పెట్టెలో ఉంటాయని, తెరిచే నంబరు పిల్లలకు తెలియదని చెప్పింది. ఈ ప్రశ్న అడగడం ఇక్కడ మర్యాద తప్పడం కాదని మన పెద్దలకు ఎవరో ఒకరు చెప్పాలి. భాష ఇబ్బంది అయితే వారి తరఫున కొడుకో కోడలో, కూతురో అల్లుడో ఫోన్ చేసి అడగాలి. తానా, ఆటా వంటి ఇక్కడి తెలుగు సంఘాలు తమ సభల్లో దీనికి కాస్త సమయం ఇవ్వాలనీ, వేసవి ప్రయాణాలు మొదలయ్యే ముందు మీ పత్రిక కూడా వీసా, బీమా, మందుల జాగ్రత్తలతో పాటు ఈ జాగ్రత్తను ప్రచురించాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అయోవా, అమెరికా