గృహం గేటు దగ్గరే ఆగిపోతున్న కౌన్సిల్: మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం.

నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక పురపాలక సంఘంలో వార్డు కౌన్సిలర్‌ని. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే మా వార్డులో ఉన్న, ప్రభుత్వ సంరక్షణలోని ఆడపిల్లల గృహం ఏదో ఇట్టే తెలిసిపోతుంది. అక్కడి పిల్లల ఆనవాలు బయటపెట్టే రాత ఏదీ రాకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. చెప్పకపోయినా రాసేదాన్ని కాదు.

ఆ గృహానికి కుళాయి కనెక్షన్ ఇచ్చింది మా మున్సిపాలిటీ. చెత్త ఎత్తేది మా పారిశుద్ధ్య కార్మికులు. గేటు ముందు డ్రైనేజీ పొంగితే ఫోన్ వచ్చేది నాకే. లోపల ఎంతమంది పిల్లలున్నారు, రాత్రిపూట వాళ్ల దగ్గర ఎవరుంటారు, కిందటి తనిఖీలో ఏం లోపాలు దొరికాయి, వాటిని సరిచేశారా లేదా అని అడిగితే మాత్రం నాకు జవాబు చెప్పాల్సిన వాళ్లు ఎవరూ లేరు. ఒకసారి సంబంధిత కార్యాలయానికి వెళ్లి అడిగాను. "అది కాన్ఫిడెన్షియల్ మేడమ్, మీ పరిధిలోకి రాదు" అన్నారు. మర్యాదగానే అన్నారు, కుర్చీ వేసి టీ కూడా ఇచ్చారు. నేను పిల్లల పేర్లు అడగలేదు, ఎవరి కేసు ఫైలూ అడగలేదు. తనిఖీ ఏ తారీఖున జరిగిందని అడిగాను. అదీ రహస్యమేనట.

ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల గృహాలు ఎలా నడుస్తున్నాయో మూడు నెలలకోసారి లెక్క అడిగే బాధ్యతను మున్సిపల్ కౌన్సిళ్లకు, జిల్లా పరిషత్తులకు మీ శాఖ ఒక ఆర్డర్ ద్వారా అప్పగించాలని కోరడానికే ఈ లేఖ. గృహాలు నడిపే అధికారం మాకు వద్దు. అడిగే బాధ్యత చాలు.

చట్టం బలహీనంగా ఉందని నేను అనను. 2015లో వచ్చిన ఈ జువెనైల్ జస్టిస్ చట్టాన్ని చాలా జాగ్రత్తగా రాశారు. 54వ సెక్షన్ ప్రకారం తనిఖీ కమిటీలు ప్రతి గృహానికీ మూడు నెలలకు ఒక్కసారైనా వెళ్లి తీరాలి. కనీసం ముగ్గురు వెళ్లాలి, వాళ్లలో ఒక మహిళ, ఒక డాక్టర్ తప్పనిసరి. వారంలోగా రిపోర్టు ఇవ్వాలి, దాని మీద నెలలోగా చర్య తీసుకోవాలి, తీసుకున్నట్టు రాష్ట్ర ప్రభుత్వానికి తెలియజేయాలి. ఇది కాక, సంరక్షణ అవసరమైన పిల్లలను ఎక్కడ ఉంచాలో తేల్చే బాలల సంక్షేమ కమిటీ నెలకు కనీసం రెండు తనిఖీలు చేయాలి. ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ రాయలేరు.

చిక్కంతా ఆ రిపోర్టు నడిచే దారిలో ఉంది. గృహానికి గ్రాంటు ఇచ్చేది మీ శాఖ, కొన్నింటిని నేరుగా నడిపేదీ మీ శాఖే. రిజిస్ట్రేషన్ ఇచ్చేది, తనిఖీ కమిటీలను వేసేది రాష్ట్ర ప్రభుత్వం. ఆ చట్టానికి 2021లో చేసిన సవరణ 2022 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చాక రిపోర్టు కలెక్టర్ గారి దగ్గరికి పోతోంది. చర్య తీసుకున్నామన్న కాగితం చివరికి మళ్లీ ప్రభుత్వానికే చేరుతుంది. వండినవాళ్లే రుచి చూసి, బాగుందని వాళ్లే రాసుకున్నట్టుంది ఈ ఏర్పాటు. కలెక్టర్‌ని బాధ్యుణ్ణి చేయడం నా దృష్టిలో మంచి మార్పే, ఒక్క మనిషి సంతకం ఉంటే పని కదులుతుంది. కానీ ఆ ఒక్క మనిషి నెత్తినే తుపాను ఉంది, భూముల రీసర్వే ఉంది, సోమవారం గ్రీవెన్స్ ఉంది, ఎన్నికలున్నాయి. బాలల సంక్షేమ కమిటీ పనితీరుపై మూడు నెలలకోసారి జరపాల్సిన సమీక్ష ఆ వరసలో ఎక్కడుంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ సమీక్ష జరగకపోతే ఎందుకు జరగలేదని అడిగే మనిషి జిల్లాలో ఒక్కరూ లేరు.

ముజఫర్‌పూర్ సంగతి మీకు తెలిసిందే. బిహార్ ప్రభుత్వ నిధులతో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన ఆ ఆడపిల్లల గృహంలో 30 మందికి పైగా బాలికలపై లైంగిక అత్యాచారాలు జరిగాయి. అధికారులు వస్తూపోతూనే ఉన్నారు, రిజిస్టర్లో సంతకాలు పడుతూనే ఉన్నాయి. 2018లో బయటపెట్టింది మాత్రం టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం చేసిన సోషల్ ఆడిట్. వాళ్లు ఆ గృహానికి డబ్బిచ్చేవాళ్లు కాదు, అది మూతపడితే ఇబ్బంది పడేవాళ్లూ కాదు. వచ్చారు, పిల్లలతో మాట్లాడారు, విన్నది రాశారు. 2020 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు ప్రధాన నిందితుడికి జీవితాంతం జైలు శిక్ష వేసింది. సుప్రీంకోర్టు కూడా అదే 2018లో, ఫిబ్రవరిలో, సంపూర్ణ బెహురా కేసు తీర్పులో ఈ చట్టం అమలుపై సోషల్ ఆడిట్లు ఉండాలని చెప్పింది. మన రాష్ట్రంలో ముజఫర్‌పూర్ లాంటిది జరుగుతోందని నేను ఆరోపించడం లేదు. జరగడం లేదని ధైర్యంగా చెప్పడానికి కావలసిన సమాచారం నా దగ్గర లేదు, ఆ పిల్లల పక్క వీధిలో ఉండే నా ఓటర్ల దగ్గరా లేదు.

మా పరిధి అంటే ఏమిటో చూద్దామని రాజ్యాంగం తీశాను. పంచాయతీల కోసం 73వ సవరణ తెచ్చిన 11వ షెడ్యూల్లో 29 అంశాలున్నాయి, 25వది స్త్రీ, శిశు అభివృద్ధి. పట్టణాల కోసం 74వ సవరణ తెచ్చిన 12వ షెడ్యూల్లో 18 అంశాలున్నాయి, అందులో ఆ మాట లేదు. పార్కులున్నాయి, శ్మశానాలున్నాయి, కబేళాలున్నాయి. పశువుల బందెలదొడ్లు, మూగజీవాల పట్ల క్రూరత్వ నివారణ కలిపి ఒక అంశంగా ఉన్నాయి. పిల్లలు లేరు! బలహీన వర్గాల ప్రయోజనాల పరిరక్షణ అన్న 9వ అంశంలో పిల్లలనూ కలుపుకోవచ్చని మా లాయరు గారు అంటున్నారు. కలుపుకోవచ్చు, కానీ కలుపుకోమని ఎవరైనా చెబితేనే మా కమిషనర్ గారు ఫైలు కదుపుతారు.

కేంద్రం బాలల పరిరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు కొంతవరకు ఆ మాట చెప్పాయి. గ్రామంలో సర్పంచ్, పట్టణంలో వార్డు ప్రజాప్రతినిధి ముందుండి పిల్లల సంక్షేమ, పరిరక్షణ కమిటీలు నడపాలని వాటిలో ఉంది. బాల్య వివాహాలు, బడి మానేసిన పిల్లలు, తప్పిపోయిన పిల్లలు, ఇవన్నీ ఆ కమిటీ చూస్తుంది. ఇల్లు వదిలి గృహంలో చేరిన పిల్లల విషయానికి వచ్చేసరికి మాత్రం గేటు మూసుకుంటుంది. మా వార్డు పిల్ల దూరంగా ఇంకో ఊరి గృహంలో చేరితే, ఆ పిల్ల తిరిగి రాదగ్గ పరిస్థితి ఇంట్లో ఉందో లేదో మాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. పిల్ల ఇంటి పరిస్థితులు తెలుసుకునే సామాజిక పరిశీలన 15 రోజుల్లో అయిపోవాలి, నాలుగు నెలల్లో బాలల సంక్షేమ కమిటీ తుది ఉత్తర్వు రావాలి అంటుంది చట్టం. సంస్థలో ఉంచడం చివరి మార్గం అనీ అంటుంది. గృహాల్లో ఉన్నవాళ్లందరూ ఎవరూ లేని పిల్లలు కారు. తల్లి ఉండి, కూలి పనులకు పోతూ చూసుకోలేక చేర్చినవాళ్లూ ఉన్నారు. నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఆ తల్లికి అందితే పిల్ల ఇంట్లోనే పెరుగుతుంది. ఆ పథకం ఉందని ఆ తల్లికి చెప్పగలిగేది వార్డు సచివాలయమే.

ఇక జిల్లా పరిషత్తులు. వాటికి ఏడు స్థాయీ సంఘాలున్నాయి, మహిళా సంక్షేమానికి ఒకటి ప్రత్యేకంగా ఉంది. గృహాల పరిస్థితిని క్రమం తప్పకుండా దాని ముందు పెట్టించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. 2022లో జిల్లాలు 13 నుంచి 26 అయినా జిల్లా పరిషత్తులు పాత ఉమ్మడి జిల్లాల ప్రకారమే నడుస్తూ వచ్చాయి కదా, ఏ కలెక్టర్ ఎవరికి చెప్పాలి అని మీ అధికారులు అడగొచ్చు. ఆ సమావేశాలకు వేర్వేరు జిల్లాల అధికారులు ఎలాగూ వస్తున్నారు. ఒక్కొక్కరు ఒక్కో కాగితం తెస్తే సరిపోతుంది.

మీ మనసులో ఉన్న భయం నాకు తెలుసు. రాజకీయ నాయకులను పిల్లల గృహాల్లోకి రానిస్తే ఏమవుతుందన్నది. ఆ భయం నిజమే, నాకూ ఉంది. ఇప్పటికే వస్తున్నాం కదా! నాయకుడి పుట్టినరోజుకు పండ్లు, బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకుని వస్తాం. పిల్లలను వరసలో నిలబెట్టి ఫొటో తీస్తాం, సాయంత్రానికల్లా ఆ మొహాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. ముందు ఆ సంబరాన్ని ఆపించండి. గృహంలో ఏ ప్రజాప్రతినిధీ ఫొటో తీయకూడదని, ముందుగా శిక్షణ తీసుకోకుండా లోపలికి అడుగు పెట్టకూడదని, ఒంటరిగా వెళ్లకూడదని, ఏ బిడ్డ ఫైలూ ముట్టుకోకూడదని మీ ఆర్డర్లోనే రాయండి. మా పార్టీవాళ్లకు నచ్చదు, ఫర్వాలేదు. ప్రశ్న అడగడానికి ఫొటో అవసరం లేదు.

ఇంగ్లండ్‌లో ఇలాంటి పిల్లల బాధ్యత నేరుగా స్థానిక కౌన్సిళ్లదే. పిల్లల సేవలకు ఎన్నికైన సభ్యుల్లో ఒకరు పేరు పెట్టి బాధ్యత వహించాలని అక్కడి 2004 చట్టం చెబుతుంది. ప్రతి బాలల గృహాన్నీ ఒక స్వతంత్ర వ్యక్తి నెలకోసారి చూసి రిపోర్టు రాయాలి. అయినా రోథర్‌హామ్ అనే ఊళ్లో 1997 నుంచి 2013 వరకు సుమారు 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014లో వచ్చిన విచారణ నివేదిక తేల్చింది. వాళ్లలో కౌన్సిల్ సంరక్షణలో ఉన్నవాళ్లూ ఉన్నారు. కౌన్సిల్ ఉంది, సభ్యులున్నారు, కమిటీలున్నాయి. హెచ్చరికలు వచ్చినా గట్టిగా పట్టించుకున్నవాళ్లు లేరు. అందుకే మాకు కమిటీలో ఒక కుర్చీ వేసి ఊరుకోవద్దంటున్నాను. ఏం అడగాలో, ఎప్పుడు అడగాలో, జవాబు రాకపోతే ఏం చేయాలో ఆర్డర్లో ఉండాలి.

మూడు నెలలకోసారి కౌన్సిల్ ముందుకు ఒక్క పేజీ రావాలి. మా పరిధిలో ఉన్న గృహాలెన్ని, వాటి రిజిస్ట్రేషన్ ఎప్పటివరకు ఉంది, మంజూరైన పోస్టులెన్ని, నిజంగా పనిచేస్తున్నవాళ్లెందరు, చివరి తనిఖీ తారీఖు, దొరికిన లోపాలు, నెలలోగా సరిచేసినవి, సరిచేయనివి, నాలుగు నెలలు దాటినా తుది ఉత్తర్వు రాని పిల్లల సంఖ్య. పేర్లు వద్దు. సంఖ్య మరీ చిన్నదై పిల్లలెవరో తెలిసిపోయేలా ఉంటే అదీ వద్దు. ఆరేళ్లు దాటిన పిల్లలుండే ప్రతి గృహంలో పిల్లల కమిటీ ఉండాలని 53వ సెక్షన్ చెబుతోంది. అది ఆ మూడు నెలల్లో ఎన్నిసార్లు కూర్చుంది, ఏం అడిగింది అన్నది కూడా ఆ పేజీలో ఉండాలి. పిల్లలు తమ మాట రాసి వేసే సూచనల పెట్టె తాళంచెవి గృహం నడిపేవాళ్ల చేతిలో ఉంటే పిల్లలు అందులో ఏం వేస్తారు?

అన్నింటికన్నా మా అవసరం ఎక్కువగా ఉన్నది గృహంలోని పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండిన రోజున. చట్టం ఆ తరవాత కూడా ఆసరా ఇవ్వమంటుంది, నిబంధనలు 21 ఏళ్ల దాకా, అవసరమైతే ఇంకో రెండేళ్లు అంటాయి. డబ్బు సంగతి మీ శాఖ చూస్తుంది. మిగతా పనులన్నీ మున్సిపాలిటీవి, రెవెన్యూవి. గృహం నుంచి బయటికి వచ్చిన అమ్మాయి ఆధార్‌లో అడ్రస్ గృహానిది, ఇప్పుడు అక్కడ ఉండదు. రేషన్ కార్డుకు కుటుంబం ఎవరంటారు. అద్దె ఇల్లు అడిగితే మీ నాన్నను తీసుకురమ్మంటారు. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను పోగొట్టుకుని, ఎవరూ లేక ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న గృహాల్లో చేరిన పిల్లలకు మన దగ్గర బీసీ–ఏ రిజర్వేషన్ ఉంది. ఎంత మంచి నిర్ణయం అది! కానీ ఆ సర్టిఫికెట్ రావాలంటే తల్లిదండ్రుల మరణం రుజువు కావాలి, గృహంలో చేరిన తేదీ కావాలి. మరణ ధ్రువీకరణ ఇచ్చేది మేమే. వచ్చే ఏడాది మా ఊరి గృహం నుంచి ఎంతమంది బయటికి వస్తున్నారో ముందే చెబితే, పదిహేడో ఏటనే ఈ కాగితాలన్నీ సిద్ధం చేయించగలం. పాలిటెక్నిక్ కౌన్సెలింగ్‌కు రెండు రోజుల ముందు సర్టిఫికెట్ కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే పిల్లలను చూశాను. తోడుగా వచ్చింది గృహంలోని వంటమనిషి. ఆవిడ ఆ రోజు సెలవు పెట్టి వచ్చింది.

వచ్చే కౌన్సిల్ సమావేశంలో దీని మీద తీర్మానం పెడుతున్నాను. పార్టీలకు అతీతంగా కొందరు సభ్యులు సంతకం చేస్తామన్నారు. మీ శాఖ, పురపాలక శాఖ కలిసి ఒక సర్క్యులర్ ఇస్తే ఆ తీర్మానం అమలవుతుంది. ఇవ్వకపోతే "అంశం కౌన్సిల్ పరిధిలో లేదు" అని అధికారులు నోట్ రాస్తారు, నేను మళ్లీ పెడతాను. సర్క్యులర్ ఇవ్వడానికి అభ్యంతరం ఉంటే, అదేమిటో రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వార్డు కౌన్సిలర్