నాయనకి పది నిమిషాలు

ఒరే మామా,

ఫోన్లో సగం చెప్పి పెట్టేశా కదా, మిగతాది ఇదిగో. నాయనకి మతిమరుపు ఎక్కువైందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. మోకా అని 30 మార్కుల పరీక్ష పెట్టారు. 26, ఆపైన వస్తే మామూలేనంట. మా నాయనకి 22.

నేను పక్కనే ఉన్నా. ఐదు మాటలు చదివి తిరిగి చెప్పమంటే గడగడా చెప్పేశాడు. వెంటనే 100లోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మన్నారు. "93, 86, 79..." బజారు వీధిలో ముప్పై ఏళ్లు కొట్టు లెక్కలు చూసినోడు, తడబడతాడా! ఐదు నిమిషాలాగి ఆ మాటలే మళ్లీ అడిగితే మాత్రం రెండే వచ్చాయి. మిగతా మూడింటికీ నా మొహం చూశాడు, పరీక్షలో పక్కోడి పేపరు చూసే పిల్లోడిలా.

డిమెన్షియా, అంటే రోజువారీ పనులు కూడా చేసుకోలేనంత మతిమరుపు జబ్బు, అది కాదన్నారు. మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్. వయసుకి మించిన మరుపే గానీ, తన పనులు తను చేసుకోగలడు. అందరికీ ముదరదట. బి12, థైరాయిడ్ తేడాల వల్ల కూడా మరుపు వస్తుందని ఆ పరీక్షలూ రాశారు.

ఇంటికొచ్చి నాలుగు రోజులు ఇదే చదివా. విన్నది మెదడులో కుదురుకోవడానికి కాస్త టైం పడుతుందంట. ఆలోగా ఇంకోటి వచ్చి పడితే చెదిరిపోతుంది. జర్మనీలో ఇద్దరు 1900లోనే ఈ మాట రాశారు. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలాంటి మరుపున్నవాళ్లకే మాటలు వినిపించి చూశారు. వెంటనే వేరే పని చెప్తే మర్చిపోయారు, ఊరకే కూర్చోనిస్తే అంతకంటే బాగా గుర్తుంచుకున్నారు. అమ్మకి చెప్తే, "తోడేసిన గిన్నె కదిలిస్తే పెరుగు పేరుకుంటుందా?" అనేసి లోపలికి పోయింది. నా నాలుగు రోజుల చదువు గంగలో కలిసింది.

మా ఇంట్లో జరిగేది అదేరా. పని చెప్తాం, ఆ వెంటనే "గ్యాస్ బుక్కేది?" అంటాం, పక్కన టీవీ మోగుతుంటుంది. తర్వాత "ఇప్పుడే కదా చెప్పా!" అని ఎన్నిసార్లు అరిచానో.

మొన్న ఆదివారం ఉద్దిపప్పు, అమ్మ కళ్లజోడు, మాత్రలు అని మూడే చెప్పి, టీవీ కట్టేసి, మేడ మీద కొండ చూస్తూ పది నిమిషాలు కూర్చున్నాం. నాకే పిచ్చెక్కింది, మూడుసార్లు ఫోన్ తీయబోయా. పప్పు, కళ్లజోడు తెచ్చాడు. మాత్రలు మర్చిపోయాడు. జేబులో చీటీ పెట్టా గానీ, చీటీ ఉందన్న సంగతే గుర్తులేదు!

నువ్వు సంక్రాంతికి వస్తున్నావంటే, "పచ్చ స్కూటరు వాళ్ల పిల్లోడేనా, అలిపిరి దగ్గర పడి మోకాలు చీల్చుకున్నాడే, రెండు కుట్లేశారు" అన్నాడు. నేను మూడనుకున్నానే. ఎన్నిరా?

నీ మామ