ఆ కోర్సు చెప్పేదెవరో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చాక మా వీధిలో ఒకరిద్దరైనా పిల్లల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వస్తారు. జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినవాణ్ని, నాకు తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. 'నీట్‌లో ర్యాంకు రాలేదు సార్, లాంగ్‌టర్మ్‌కి పంపేదా, డయాలసిస్ కోర్సులో చేర్చేదా?' అని అడుగుతారు. కోర్సు గురించి చెప్పగలను. ఫలానా కళాశాలలో దాన్ని చెప్పే అధ్యాపకులు ఉన్నారా అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

తిరుపతికి వైద్య విద్య కొత్త కాదు. 1960లో ఎస్వీ వైద్య కళాశాల, 1993లో స్విమ్స్ ఆసుపత్రి వచ్చాయి. స్విమ్స్ 1995లో విశ్వవిద్యాలయమైంది. 2014లో పద్మావతి మహిళా వైద్య కళాశాల మొదలైంది. ఇంతటి ఊళ్లో కూడా నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ లాంటి కోర్సుల సంగతి తల్లిదండ్రులకు నోటిమాటగానే చేరుతోంది.

నా దగ్గర చదివిన అబ్బాయి ఒకడు ఒక ప్రైవేటు కళాశాలలో డయాలసిస్ కోర్సు పూర్తిచేశాడు. 'మిషను నడిపేది, సూది వేసేది సీనియర్లను చూసి నేర్చుకున్నా సార్. నీళ్ల గురించి మాకు ఎవురూ పాఠం చెప్పలా' అన్నాడు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిమిషానికి అర లీటరు లెక్కన, నాలుగు గంటల డయాలసిస్‌లో నీటితో తయారుచేసిన 120 లీటర్ల ద్రవం ఒక పలచటి పొర అవతల రోగి రక్తం పక్కనే ప్రవహిస్తుంది. అందులో క్లోరమైన్ (నీటిలో క్రిములు చావడానికి వాడే క్లోరిన్ రసాయనం) మిగిలిపోతే ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి. మనం తాగే కుళాయి నీరు నేరుగా అక్కడ పనికిరాదు, శుద్ధి చేసి పరీక్షించాలి. ఇది చెప్పే గురువు లేకుండానే ఆ పిల్లవాడి చేతికి పట్టా వచ్చింది.

2021లో కేంద్రం తెచ్చిన అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య కోర్సుకు కనీసం 2,000 గంటలు, ఆరోగ్య వృత్తి కోర్సుకు 3,600 గంటలు ఉండాలి. మంచిదే. ఆ గంటల్లో తరగతిలో నిలబడేది ఎవరు? ఎంబీబీఎస్ చెప్పేవారి హాజరును ఆధార్‌తో ముడిపెట్టి నమోదు చేస్తున్నప్పుడు, వీళ్లకు చెప్పేవారి లెక్క ఎందుకు బయటికి రాకూడదు?

ప్రవేశాలకు ముందే ప్రతి కళాశాలా విభాగాలవారీగా అధ్యాపకుల పేర్లు, అర్హతలు, ఖాళీలు, సీట్లు, శిక్షణ ఇచ్చే ఆసుపత్రి పేరు గేటు దగ్గర బోర్డు మీద రాయాలి, తెలుగులో. అధికారులు దీన్ని తప్పనిసరి చేయాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. కొత్త కోర్సు ప్రారంభమైందని వార్త వేసేటప్పుడు అతిథుల పేర్లతో పాటు దాన్ని ఎవరు చెబుతారో, వారిలో రెగ్యులర్ ఎందరో, కాంట్రాక్టు ఎందరో ఒక్క వాక్యం చేర్చండి. ప్రొఫెసర్ పదవీ విరమణ సన్మానం ఫొటో వేస్తున్నారు, సంతోషం. రెండు నెలలు ఆగి, ఆ కుర్చీలోకి ఎవరు వచ్చారో అడిగి రాయండి. మంచి అధ్యాపకులు చేరితే అదీ మొదటి పేజీలో వేయదగ్గ వార్తే.

మొన్న భాకరాపేట వైపు నుంచి ఒక తల్లి వచ్చింది. కూతురి ఫీజు కోసం రెండు పాడి ఆవులు అమ్మేసింది. ఏ కళాశాలో ఇంకా తేల్చుకోలేదు. కౌన్సెలింగ్ మొదలయ్యేలోగా ఈ వివరాలు ఆమె కంట పడేలా చూడమని కోరుతున్నాను.

- విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
చంద్రగిరి, తిరుపతి జిల్లా