వయ వందన సరే, ముందు వయసు సరిచేయండి

సంపాదకులకు నమస్కారం.

70 ఏళ్లు దాటినవారికి 5 లక్షల ఉచిత వైద్యం అందించే వయ వందన కార్డు గురించి గత వారం మీ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త వచ్చింది. అర్హులంతా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలని అధికారులు కోరినట్టు రాసి ముగించారు. ఎక్కడ చేసుకోవాలి, ఏ కాగితం పట్టుకెళ్లాలి, ఎప్పటిలోగా చేసుకోవాలి, డబ్బులేమైనా కట్టాలా అన్నది ఒక్క ముక్క లేదు. ఆ మర్నాటికే మా వీధిలో నెలాఖరు ఆఖరి తేదీ అని పుకారు లేచింది. మోకాళ్ల నొప్పులతో ఉన్నవాళ్లు కూడా ఆటోలెక్కి నెట్ సెంటర్ ముందు వరుస కట్టారు. అక్కడ ఒక్కో కార్డుకు 200 రూపాయలు తీసుకున్నారు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేదానికి పెద్దవాళ్ల దగ్గర ఈ వసూలేమిటని అడిగితే ప్రింటు, లామినేషన్ ఖర్చులన్నారు.

వార్తలో రాని వివరాలు నేను రాస్తున్నాను, దయచేసి కత్తిరించకుండా వేయండి. ఈ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరు 11న ఆమోదించింది, అక్టోబరు 29న ప్రధాని ప్రారంభించారు. కార్డు పేరు ఆయుష్మాన్ వయ వందన. ఆదాయంతో పనిలేదు, తెల్లకార్డు అక్కర్లేదు, ఆధార్ ప్రకారం 70 నిండితే చాలు. ఆఖరి తేదీ అంటూ లేదు, ఏడాది పొడవునా ఎప్పుడైనా నమోదు కావచ్చు. ఆయుష్మాన్ యాప్‌లో ఇంట్లోవాళ్లే చేసిపెట్టొచ్చు, ఫోన్ వాడటం రానివాళ్లు పథకం కింద ఉన్న ఆసుపత్రికి వెళ్లినా చేస్తారు. అనుమానాలుంటే 14555కి ఫోన్ చేయాలి. బీపీ, షుగర్, గుండెజబ్బు ముందే ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ప్రైవేటు పాలసీ ఉన్నా, ఈఎస్ఐ ఉన్నా తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సీజీహెచ్ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ ఉన్నవాళ్లు మాత్రం రెండింటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలి. భార్యాభర్తలిద్దరూ 70 దాటినా ఆ 5 లక్షలు ఏడాదికి ఇద్దరికీ కలిపే, తలా 5 లక్షలని చాలామంది పొరబడుతున్నారు. ఓపీలో చూపించుకుని మందులు తెచ్చుకోవడానికి ఇది పనికిరాదు, ఆసుపత్రిలో చేరితేనే. బెంగళూరులోనో చెన్నైలోనో కొడుకు దగ్గరున్నప్పుడు జబ్బు చేసినా అక్కడ పథకంలో ఉన్న ఆసుపత్రిలో చేరొచ్చు. ఏడాదిలో సగం రోజులు పిల్లల దగ్గర గడిపే మనవాళ్లకు ఇది చాలా పెద్ద ఊరట. అన్ని పేజీల పత్రికలో దీనికి పది లైన్లు దొరకలేదంటే నాకు బాధగా ఉంది.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మకు 80 దాటాయి. నాకు 64. ఆధార్‌లో అమ్మ వయసు 69! తల్లికీ కొడుక్కీ అయిదేళ్లే తేడా అన్నమాట. అప్పట్లో ఆధార్ తీసినవాళ్లు పాత రేషన్ కార్డు మీద అచ్చయిన వయసునే ఎక్కించి, పుట్టినరోజు జనవరి 1 అని వేసేశారు. మా వీధిలో సగం మంది పెద్దవాళ్లు జనవరి 1నే పుట్టారు. సరిచేయమని వెళితే బర్త్ సర్టిఫికెట్ తెమ్మన్నారు, లేదంటే టెన్త్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. ఇవాళ 70 దాటినవాళ్లంతా అంతకు చాలా ముందే పుట్టినవాళ్లు. ఇంట్లో మంత్రసాని చేతుల్లో పుట్టిన ఆడపిల్లకు సర్టిఫికెట్ ఎవరిచ్చారు? బడి మొహం చూడని మనిషి టెన్త్ మెమో ఎక్కడి నుంచి తెస్తుంది? 1977లో దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి నేను ఇంటర్ చదువుతున్నాను, నా టెన్త్ సర్టిఫికెట్‌లో 1961 అని స్పష్టంగా ఉంది, అదీ చూపించాను. కొడుకు సర్టిఫికెట్ తల్లి వయసుకు రుజువు కాదట.

సరే, ముందు పాత వివరాలైనా సరిచూద్దామన్నారు. నాట్లు వేసి, మిరపకాయలు కోసి అరిగిపోయిన చేతులు అమ్మవి. ఆపరేటర్ తడిగుడ్డతో తుడిచాడు, బొటనవేలు అదిమాడు, చూపుడువేలు అదిమాడు, ఉంగరపు వేలు కూడా అదిమాడు. యంత్రం దేన్నీ పట్టలేదు. కన్ను పెట్టమంటే అది శుక్లం ఆపరేషన్ అయిన కన్ను, అదీ కలవలేదు. అమ్మ గోడకు ఆనుకుని నిలబడే ఉంది, కూర్చోమన్నవాళ్లు లేరు. చివరికి సర్వర్ డౌన్, రేపు రమ్మన్నారు. ఇంకో టెన్షన్ ఏమిటంటే పుట్టినతేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు. అందులో తప్పు దొర్లితే మళ్లీ ఆధార్ ప్రాంతీయ కార్యాలయం తలుపు తట్టాలి, అదేమో హైదరాబాదులో ఉంది. 80 ఏళ్ల మనిషిని తీసుకుని అంత దూరం ఎవరు వెళతారు?

ఇంటింటి సర్వే పేరుతో ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఫొటో తీసుకుంటారు, ఓటీపీ అడుగుతారు, వెళ్లిపోతారు. మీ ఇంట్లో పెద్దావిడకు వైద్యం కార్డు ఉందా అని ఇంతవరకు ఒక్కరు అడగలేదు. ఒకప్పుడు ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరి వయసెంతో కరణానికి నోటికి వచ్చేది. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి, తప్పు కూడా కంప్యూటర్లోనే ఉంది, దాన్ని దిద్దే అధికారం మాత్రం ఊళ్లో ఎవరికీ లేదు. ఏ అధికారిని అడిగినా సిస్టమ్ తీసుకోవడం లేదండీ అంటాడు. ఇలా వాయిదాలు పడి పడి, చివరికి మనిషి పక్షవాతంతో స్ట్రెచర్ మీద ఉన్నప్పుడు ఆసుపత్రి కౌంటర్ దగ్గర వేలిముద్రల కోసం పాకులాడాల్సి వస్తోంది.

60కీ 70కీ మధ్య ఉన్న నాలాంటివాళ్లకు ఈ కార్డు రాదు. ప్రైవేటు బీమాలో చేరడానికి 65 ఏళ్ల పరిమితిని 2024 ఏప్రిల్‌లో ఎత్తేశారు, 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రీమియం మీద జీఎస్టీ కూడా తీసేశారు. మంచిదే. కానీ షుగర్ ఉందని చెప్పగానే ప్రీమియం పెరుగుతుంది, ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఆగమనే వీలు కంపెనీలకు ఇంకా ఉంది. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి పెన్షన్ లేకుండా బయటికొచ్చినవాడు అంత ప్రీమియం ఎక్కడి నుంచి కడతాడు? కేంద్రం 60 నుంచే ఈ కార్డు ఇవ్వాలి.

అది ఇప్పట్లో కాకపోయినా వయసు సమస్య తీర్చడానికి పైసా ఖర్చు లేదు. కలెక్టరు గారు నెలకో రోజు ప్రతి మండలంలో తహసీల్దారును, ప్రభుత్వ డాక్టరును, ఆధార్ ఆపరేటర్‌ను ఒకేచోట కూర్చోబెట్టాలి. పిల్లల సర్టిఫికెట్లు, పాత ఓటరు జాబితా, ఇరుగుపొరుగు వాంగ్మూలం చూసి ముగ్గురూ కలిసి వయసు తేల్చితే ఆధార్ సంస్థ ఒప్పుకునేలా ప్రభుత్వం నుంచి రాయించాలి. మంచం పట్టినవాళ్ల ఇంటికి యంత్రమే వెళ్లాలి. ఆ తేదీలు ఖరారైతే మీరు కనీసం రెండు రోజుల ముందు, కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు కూడా కనిపించేంత అక్షరాల్లో వేయండి.

– ఒక విశ్రాంత ప్రైవేటు ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా