ఇంటిల్లిపాదినీ కలుపుకొన్న వనజీవి

సంపాదకులు గారికి నమస్కారం.

వనజీవి దరిపల్లి రామయ్య గారు 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. ఆయన పేరెత్తగానే అందరూ ఆయన నాటిన కోటి మొక్కల గురించి, 2017లో వచ్చిన పద్మశ్రీ గురించి చెబుతారు. నాకు మాత్రం ఆయన సంసారమే గుర్తుకొస్తుంది. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లిలో ఉంటూ ఆయన చేసిన పనికి మొదటి తోడు భార్య జానమ్మ గారే. ఎండాకాలమంతా గింజలు ఏరి దాచడం, వానలు పడగానే ఆయన సైకిల్ మీద మొక్కలు పెట్టుకుని బయల్దేరడం. మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' అన్న గుండ్రటి బోర్డు. రోడ్డు పక్కనో కాలువ గట్టునో ఖాళీ జాగా కనిపిస్తే చాలు, దిగి నాటేవారు. మనవరాళ్లకు కూడా చెట్టూ పువ్వూ గుర్తొచ్చే పేర్లే పెట్టుకున్నారు! ఊరి కోసం ఇల్లు వదిలేసినవాళ్లు ఉంటారు, ఆయన ఇంటినే ఊరి పనిలోకి తెచ్చారు.

ఆయన నాటిన చెట్లను రోడ్ల వెడల్పు పనుల్లో కొట్టేయకుండా అధికారులు చూడాలని నా మనవి. మా ఇంట్లో పిల్లలు ఏరిన చింతగింజలు, కానుగ గింజలు బిస్కెట్ డబ్బాలో ఆరి సిద్ధంగా ఉన్నాయి. తొలకరి పడగానే చెరువు గట్టున వేస్తాం.

- ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా