రాష్ట్ర పక్షికి తొర్ర మిగల్చండి

సంపాదకులకు నమస్కారం.

2018లో మన ప్రభుత్వం రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ స్థానం పాలపిట్టది. విడిపోయాక దాన్ని తెలంగాణ అట్టేపెట్టుకుంది. పోనీలెండి, చిలకకైనా హోదా వచ్చిందని మా పార్కు మిత్రులు నవ్వుకుంటారు. నిజానికి తెలుగువాళ్ల నోట చిలకంతగా నలిగిన పిట్ట మరొకటి లేదు. తమలపాకులు చుడితే చిలకలు, చొక్కా తగిలించేది చిలక్కొయ్యకి, పసివాళ్లు ముద్దుగా మాట్లాడితే చిలక పలుకులు. కాకికీ ఇంత వాటా ఉంది గానీ, అదంతా తిట్ల పద్దులోకి పోతుంది.

తమాషా ఏమిటంటే, తోటల్లో తిరిగే చిలకలు మనుషుల మాటలు పలకవు. వాటి కీచుకూతలు వాటికున్నాయి. గుంపులోంచి విడదీసి మన మధ్య ఒంటరిగా ఉంచితేనే మన మాట పట్టుకుంటాయి. బెజవాడ, గుంటూరు కాలేజీల్లో బట్టీ పట్టే పిల్లల్ని చిలకలంటుంటాం. ఆ పోలిక హాస్టల్ గదులతో సహా కుదిరింది. ఇక శుభలేఖల మీద అచ్చయ్యే చిలకాగోరింకలు: అవి వేర్వేరు జాతులు, రెండూ చెట్టు తొర్రల్లోనే గుడ్లు పెడతాయి, ఒకే తొర్ర కోసం కొట్టుకుంటాయి కూడా. ఆ లెక్కన కాపురాలకు సరైన బొమ్మే!

నా విన్నపం ఆ తొర్రల గురించే. చిలక గూడు అల్లుకోలేదు. దానికి ముసలి చెట్టో, తల తెగిన తాటిమోడో కావాలి. సుమారుగా సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఉగాది దాటేదాకా మన వైపు అవి పిల్లల్ని చేసే కాలం. మా కాలనీ ప్రహరీకి రంగులు వేయించి, ‘మన రాష్ట్ర పక్షి’ అని రాసి, అందమైన చిలకను గీయించారు. ఆ గోడ వెనకున్న ఎండిన నిద్రగన్నేరును మాత్రం సరిగ్గా ఆ రోజుల్లోనే కొట్టేశారు. తొర్రలో ఏముందో నిచ్చెన వేసి చూసినవాళ్లు లేరు. ప్రమాదంగా ఉన్న చెట్టును తీయవద్దని ఎవరూ అనరు. బందరు, ఏలూరు, రైవస్ కాలువ గట్ల మీదైనా, రోడ్ల పక్కనైనా నరికే ముందు తొర్ర చూసి, పిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా ఆగమని కాంట్రాక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి.

చిలకల్ని పట్టడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తనిఖీలంటూ జరిగితే ముందు దొరికేది గుడి దారిలో చిలక జోస్యం చెప్పే ముసలాయనే. ఆయన పంజరం తీసుకోవాల్సిందే, కాకపోతే వేరే బతుకుతెరువు చూపించి తీసుకోవాలి. తొర్రల్లోంచి కూనల్ని ఎత్తుకొచ్చి, రెక్కలు కత్తిరించి అమ్మేవాళ్లు వేరే ఉన్నారు. అధికారులు ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ