విదేశీ యాత్రకు ఆరు నెలల ముందే పాస్‌పోర్టు తెరిచి చూడాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. వేసవి సెలవులు దగ్గరపడే కొద్దీ మన తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల నుంచి ఐరోపాకూ, అమెరికాకూ, ఆస్ట్రేలియాకూ విహారయాత్రలకు బయలుదేరే కుటుంబాలు ఎక్కువవుతున్నాయి. పిల్లల దగ్గరికి వెళ్తూ, దారిలో దుబాయో సింగపూరో చూసి పోదామనుకునే తల్లిదండ్రులూ చాలామందే ఉన్నారు. బ్యాంకులో విదేశీ మారక విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన నేను ఇరుగుపొరుగు వారికి ఈ కాగితాల పనిలో చేతనైన సాయం చేస్తుంటాను. దాదాపు ప్రతి ఇంట్లోనూ నేను చూస్తున్నది ఒకటే. రేటు తక్కువగా ఉందని ముందు టికెట్టు కొనేసి, ఆ తర్వాత బీరువాలోంచి పాస్‌పోర్టు తీస్తున్నారు. ఈ వరస మారాలని మీ పత్రిక ద్వారా పాఠకులకు మనవి చేస్తున్నాను.

పాస్‌పోర్టులో గడువు తేదీకన్నా ముందు చూసుకోవలసింది పేరు. ఇంటిపేరును ఒక పొడి అక్షరంతో సరిపెట్టుకోవడం మన వైపు పాత అలవాటు. బడి సర్టిఫికెట్టులో ఒక తీరుగా, ఆధార్‌లో మరో తీరుగా, పొలం పాసుపుస్తకంలో ఇంకో తీరుగా పేరున్నా ఊళ్లో ఏ పనీ ఆగదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. విదేశీ ప్రయాణంలో మాత్రం అది పెద్ద చిక్కు. సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసిన పాస్‌పోర్టులు పెద్దవాళ్ల దగ్గర ఇప్పటికీ కనిపిస్తాయి. అటువంటి వారికి అమెరికా వీసా ఇచ్చేటప్పుడు పేరంతా ఇంటిపేరు గడిలోకి చేర్చి, అసలు పేరుండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే అసలు పేరు తెలియదు) అని ముద్రిస్తారు. పాస్‌పోర్టులో ఒకే మాటగా పేరున్నవారిని పర్యాటక వీసా మీద రానివ్వబోమని దుబాయి ఉన్న యూఏఈ దేశపు ప్రభుత్వం 2022 నవంబరులో ప్రకటించింది. దుబాయిలో రెండు రోజులు ఆగి ఊరు చూసి పోదామనుకునేవారు దీన్ని ముందే చూసుకోవాలి.

మా కాలనీలో ఒక పెద్దావిడ ప్రయాణ కాగితాలను ఆమె ఇంట్లోనే భోజనాల బల్ల మీద పరిచి చూశాను. విదేశంలో ఉన్న కొడుకు అమ్మ పేరు చివర నాన్నగారి ఇంటిపేరు చేర్చి టికెట్టు కొన్నాడు. పెళ్లికి ముందే తీసుకుని, అదే పేరుతో తిరగరాయించుకుంటూ వచ్చిన ఆమె పాస్‌పోర్టులో మాత్రం పుట్టింటి పేరే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చూస్తే తప్ప అది ఎవరి కంటికీ ఆనలేదు. ఇంకా సమయం ఉంది కాబట్టి టికెట్టు రద్దు చేసుకుని, కొంత డబ్బు నష్టపోయినా మళ్లీ సరైన పేరుతో కొన్నారు. అదే విమానాశ్రయంలో కౌంటరు దగ్గర తేలి ఉంటే ఆ తల్లి పరిస్థితి ఏమిటని ఆలోచిస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. పిల్లలారా, అమ్మానాన్నలకు టికెట్టు కొనేముందు వాళ్ల పాస్‌పోర్టు మొదటి పుట ఫొటో తెప్పించుకుని, అందులో ఉన్నది ఉన్నట్టుగా టికెట్టులో రాయండి.

పేరు సరిగ్గా ఉందని తేలాకే గడువు చూడాలి. చాలా దేశాలు పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. ఒకే వీసాతో తిరిగి రాగల, షెంగెన్ ఒప్పందంలోని 29 ఐరోపా దేశాలకు వెళ్లేవారి పాస్‌పోర్టు గత పదేళ్లలోపు జారీ అయినదై ఉండాలి, అక్కడి నుంచి తిరుగు ప్రయాణమైన నాటి తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటు కావాలి, రెండు పుటలు ఖాళీగా ఉండాలి. పెద్దల పాస్‌పోర్టు పదేళ్లకు ఇస్తారని అందరికీ తెలుసు. పదిహేనేళ్లలోపు పిల్లలది ఐదేళ్లకే ముగిసిపోతుందన్న సంగతి ప్రయాణం ముందు గుర్తొచ్చి కంగారుపడే ఇళ్లు ఎన్నో. మన తిరుపతిలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. అయినా ఆధార్‌లో పేరు దిద్దించుకోవడం, అపాయింట్‌మెంటు, పోలీసు విచారణ అంటూ ఒకదాని వెనుక ఒకటి నడవాల్సిన పనులు కాబట్టి, చివరి నెలలో మొదలుపెడితే ఎక్కడో ఒకచోట ఆగిపోతాయి.

వీసా సంగతీ అంతే. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. ప్రయాణానికి పదిహేను రోజులకన్నా తక్కువ వ్యవధి ఉంటే తీసుకోరు. ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికి దరఖాస్తు పెట్టాలి తప్ప, అపాయింట్‌మెంటు త్వరగా దొరికిందని ఏదో ఒక దేశానికి పెట్టకూడదు. శ్రీవారి 300 రూపాయల దర్శనం టికెట్ల కోసం మూడు నెలల ముందే కోటా విడుదల రోజున కంప్యూటరు ముందు కూర్చునే మనవాళ్లు, లక్షలు ఖర్చయ్యే విదేశీ యాత్రకు ఆ పాటి ముందుచూపు చూపకపోవడం నాకు బాధగా ఉంటుంది. వీసా త్వరగా వస్తుందని చెప్పి, ఉత్తుత్తి హోటల్ బుకింగు కాగితాలు జతచేసే ఏజెంట్ల మాట ఎంతమాత్రం వినకండి. అబద్ధపు పత్రం పెట్టారని తేలితే ఆ మచ్చ తర్వాతి దరఖాస్తులన్నిటినీ వెంటాడుతుంది. వీసా చేతికి వచ్చేదాకా, రద్దు చేస్తే డబ్బు తిరిగిరాని టికెట్టు కొనకపోవడమే క్షేమం.

బయలుదేరే రోజు విషయంలో మన ప్రాంతం వారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. రేణిగుంట విమానాశ్రయానికి 2017లోనే అంతర్జాతీయ హోదా ఇచ్చినా, దూరదేశాలకు వెళ్లాలంటే మనం చెన్నైకో బెంగళూరుకో పోవలసిందే. చెన్నై విమానాశ్రయం తిరుపతి నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. మూడు గంటల ముందు అక్కడ ఉండాలి, దారిలో నాలుగు గంటలు పడుతుందనుకోవాలి, అంటే విమానం వేళకు ఏడెనిమిది గంటల ముందే ఇల్లు కదలాలి. పైగా దూరదేశాల విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే లేస్తాయి. మన లెక్కలో తెల్లవారితే గాని రోజు మారదు. విమానాల లెక్కలో రాత్రి పన్నెండు గంటలకే మారుతుంది. టికెట్టు మీద 12వ తేదీ 01.30 అని ఉంటే 11వ తేదీ సాయంత్రమే తిరుపతిలో కారెక్కాలి. ఈ ఒక్క విషయంలో పొరబడి, విమానం వెళ్లిపోయిన మరుసటి రాత్రి పెట్టెలతో చెన్నైకి చేరిన కుటుంబాలు ఉన్నాయి. ఇంట్లో క్యాలెండరు మీద విమానం తేదీకి బదులు ఇల్లు కదలాల్సిన తేదీకి, వేళకు గుర్తు పెట్టుకుంటే ఈ తిప్పలు ఉండవు.

పెట్టెలు సర్దేటప్పుడు మన ఆడవాళ్ల ప్రేమంతా పొడులు, పచ్చళ్ల రూపంలో కనిపిస్తుంది. ఆ ప్రేమను కాదనలేం గాని, కొన్ని తెలిసి ఉండాలి. ఆవకాయ సీసాను చేతిసంచిలో పెడితే భద్రతా తనిఖీలో తీసి పక్కన పెడతారు. ఎండుకొబ్బరిలో నూనె వల్ల మండే గుణం ఉంది కాబట్టి చాలా విమాన సంస్థలు ఒప్పుకోవు. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. యూఏఈలోనూ సింగపూరులోనూ వాటిపై నిషేధం ఉంది. కోడికూరకని ప్రేమగా కట్టిన చిన్న పొట్లమే అక్కడ నేరమవుతుంది. ఆస్ట్రేలియా వెళ్లేవారు లడ్డూ ప్రసాదంతో సహా తినే వస్తువు ఏదున్నా విమానంలో ఇచ్చే కార్డులో తప్పక రాయాలి. రాస్తే మహా అయితే తీసుకుంటారు. దాచిపెట్టి దొరికితే జరిమానా వేస్తారు.

బీపీ, షుగరు ఉన్న పెద్దలు మందులను వారం డబ్బాల్లోకి మార్చకుండా అట్టలతోనే, డాక్టరు రాసిన చీటీతోనే తీసుకువెళ్లాలి. కంపెనీ పేర్లు దేశానికొకటి కాబట్టి చీటీలో మందు అసలు పేరు రాయించుకోవాలి. ఇన్సులిన్‌ను విమానం అడుగున సామాన్లలో వేసే పెట్టెలో పెట్టకూడదు, అక్కడి చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కొడీన్ కలిసిన దగ్గుమందులు కొన్ని దేశాల్లో ముందస్తు అనుమతి లేకుండా తీసుకువెళ్లరాదు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది గనుక, మొహమాటపడకుండా మధ్యమధ్య లేచి నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి చక్రాల కుర్చీ కావాలని టికెట్టుతోపాటే అడగవచ్చు. అది అడగడం చిన్నతనమేమీ కాదు. బీమా తీసుకునేటప్పుడు ఉన్న జబ్బును దాచవద్దు. దాచి కట్టిన బీమా అవసరానికి అక్కరకు రాదు.

డబ్బు గురించి నా వృత్తిపరంగా రెండు మాటలు చెప్పి ముగిస్తాను. చాలా దేశాలకు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకే విదేశీ నోట్లు ఇస్తారు, మిగతాది ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందుగా నింపుకునే కార్డు) వేసుకోవాలి. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం మన బ్యాంకు డెబిట్, క్రెడిట్ కార్డులు విదేశాల్లో పనిచేయాలంటే మనమే ఆ సదుపాయాన్ని తెరిపించుకోవాలి, ఇది ఇల్లు కదలకముందే చేసుకోవాలి. అక్కడి దుకాణంలో యంత్రం రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగితే వద్దని, ఆ దేశపు డబ్బులోనే చెల్లించండి.

ఈ వివరాలను మీరు జిల్లా పుటల్లో జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే తెలుగులో ప్రచురిస్తే, పాస్‌పోర్టులో పేరు దిద్దించుకునేందుకు వేసవి ప్రయాణికులకు తగిన వ్యవధి దొరుకుతుందని విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
కొర్లగుంట, తిరుపతి